అంగన్‌వాడీ పర్యవేక్షకులకూ నడవడి నియమాలు ఉండాలి

సంపాదకుల వారికి,

దేవరకొండ ప్రాంతంలోని ఒక తండాలో ఇరవై మూడేళ్లు అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి విరమణ పొందిన నేను, మనసులో నిలిచిపోయిన ఒక విషయాన్ని మీ పత్రిక ద్వారా పైవారి దృష్టికి తేదలచాను.

ఒకరోజు తనిఖీకి వచ్చిన అధికారిణి, గుడ్ల లెక్కలో రెండు తగ్గాయని, బాలామృతం ప్యాకెట్ల కోసం వచ్చిన తల్లులూ పిల్లలూ చూస్తుండగానే మా ఆయమ్మను ‘ఇంటికి పట్టుకుపోయినవా?’ అని గద్దించారు. ఆ రెండూ దించేటప్పుడు పగిలినవని నేను రిజిస్టరు వెనుక పేజీలో రాసే ఉంచాను, అడిగితే చూపించేదాన్ని. మరునాడు ఆటల వేళ నాలుగేళ్ల పాప ఒకతె నడుము మీద చెయ్యి పెట్టి, తోటి పిల్లవాడికి వేలు చూపిస్తూ అదే మాటను అదే గొంతుతో అన్నది.

ప్రభుత్వోద్యోగులకు 1964 నాటి ప్రవర్తన నియమావళి ఉన్న మాట నిజమే. కానీ మూడేళ్ల పిల్లల మధ్య నిలబడి సిబ్బందితో ఎలా మాట్లాడాలో చెప్పే కాగితం నా సర్వీసులో ఒక్కటీ నా కంట పడలేదు. దీనివల్ల నష్టం అవమానంతో ఆగదు. తిట్లు తప్పించుకోవడానికి, తూకంలో బరువు తగ్గిన బిడ్డను కూడా పిల్లల బరువులు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో సరైన బరువుతో ఎక్కించే అలవాటు మొదలవుతుంది. అప్పుడు అదనపు ఆహారం అవసరమైన ఆ బిడ్డ ఎవరి లెక్కలోకీ రాదు. నిజం చెప్పిన టీచరుకు రక్షణ లేనిచోట బిడ్డకూ లేదు. మంచి సూపర్‌వైజర్లనూ నేను చూశాను. వారిలో ఒకరు నాతోపాటు నేల మీద కూర్చుని తూకం సరిచేయడం నేర్పారు. ఆ నెల నుంచి మా కేంద్రంలో తప్పు బరువు రాయలేదు.

తప్పును పిల్లల ఎదుట కాక పక్కకు పిలిచి చెప్పాలనీ, నింద వేసేముందు రిజిస్టరు చూడాలనీ, తనిఖీ రోజు అధికారుల భోజన ఖర్చు టీచరుపై వేయరాదనీ నియమాలు రాసి అంగన్‌వాడీలను చూసే ప్రతి ప్రాజెక్టు కార్యాలయంలో అంటించాలి. ఫిర్యాదు అదే అధికారి చేతికి తిరిగి రాకుండా నేరుగా జిల్లా సంక్షేమ అధికారికి చేరాలి. లైంగిక వేధింపుల విషయంలో, ఇద్దరే మహిళలు పనిచేసే కేంద్రానికి 2013 చట్టం కింద జిల్లా స్థానిక కమిటీయే దిక్కు కనుక, దాని సభ్యుల ఫోన్ నంబర్లు కేంద్రం గోడ మీద ఉండాలి. నల్లగొండ జిల్లా యంత్రాంగం సూపర్‌వైజర్లు టీచర్లతో జరిపే వచ్చే సెక్టార్ సమావేశాల్లోనే ఈ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను.

- ఒక విశ్రాంత అంగన్‌వాడీ టీచరు, నల్లగొండ జిల్లా