మన సహవాసం వార్షిక నివేదిక – 2025

ప్రభువునందు ప్రియులైన సభ్యులకు, పాస్టరు గారికి, పాస్టరమ్మ గారికి, సంఘ పెద్దలకు వందనాలు.

2025లో మన సహవాసం చేసిన పనిని ఈ సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. సహవాసం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆదివారం గుడిలో పాడుకున్న నమ్మకం సోమవారం పొలంలోనూ బ్యాంకులోనూ ఆసుపత్రి వరండాలోనూ నిలబడాలన్నదే మన కోరిక. ఆ కోరికకు ఈ ఏడు గట్టి పరీక్షే వచ్చింది.

ముందు జనవరి 1 సంగతి చెప్పాలి. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన అయ్యాక ఇళ్లకు పోయి నడుం వాల్చాల్సిన వేళ మనవాళ్లు బయల్దేరి, చీకటి ఉండగానే టార్చిలైట్లు పట్టుకుని ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కారు. పెద్దవాళ్లను యూత్ పిల్లలు రెండు పక్కలా పట్టుకుని మెల్లగా ఎక్కించారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలు కూడా "ఈసారి పైకి రావాల్సిందే" అని పట్టుబట్టి వచ్చారు. తూర్పు తెల్లబడుతుండగా సండే స్కూలు పిల్లలు ఆ కొండ చరిత్రను వంతులవారీగా చెప్పారు. కాగితం చూడకుండా చెప్పారు. వాళ్లకు నేర్పిన టీచర్లిద్దరికీ సహవాసం ఎంతైనా రుణపడి ఉంటుంది.

పిల్లలు చెప్పింది క్లుప్తంగా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఏడాది పొడుగునా మేము చేసిన పనికి మొదలు అదే. 1854 జనవరి 1న పొద్దు పొడిచే వేళ ఆ కొండ మీద ఐదుగురు మోకరించారు. నెల్లూరు నుంచి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య, నర్సు అనే పేరుగల విశ్వాసి, జూలియా, రూతు. నెల్లూరు మిషను మొదలై అప్పటికి పద్నాలుగేళ్లు. చెప్పుకోదగ్గ ఫలం లేదు. దాన్ని మూసేద్దామన్న మాట అమెరికాలో అప్పటికే వచ్చింది. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ఐదుగురూ ప్రార్థన చేసి కొండ దిగిపోయారు. ఆ ఏడు ఎవరూ రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. 1862లో మళ్లీ మూసివేత మాట వస్తే, మీరు సాయం చేయకపోయినా నేను వెళ్తాను, ఆ తెలుగువాళ్ల మధ్యే బతికి అక్కడే చనిపోతాను అని జూయెట్ గారు తేల్చి చెప్పారు. ఆ ప్రార్థనకు జవాబుగా మిషనరీ జాన్ క్లౌ దొరగారు వచ్చి ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది 1867 జనవరి 1న.

పిల్లలు చెప్పడం అయ్యాక ఏడో తరగతి చదివే ఒక పాప లేచి, "మరి ఆ మధ్యలో పన్నెండేళ్లూ వాళ్లు ఏం చేశారు?" అని అడిగింది. బడి నడిపారు, ఊళ్లు తిరిగారు, జూయెట్ గారు తెలుగు బైబిలు పని చేశారు అని పాస్టరు గారు చెప్పారు. కొండ దిగి టీ తాగుతున్నప్పుడు కూడా అందరి నోటా ఆ పాప ప్రశ్నే. ప్రార్థనకు జవాబు వచ్చినరోజు సాక్ష్యం చెప్పడం మనకు బాగా వచ్చు. జవాబు రాని రోజుల్లో ఎలా బతకాలన్నది మనం ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకోలేదు. ఈ ఏడాది శనివారం కూటాలన్నీ దాని మీదే పెట్టాలని జనవరి కమిటీ మీటింగులో తీర్మానం చేశాం.

ఆ తీర్మానం ప్రకారం పదమూడో కీర్తన, హబక్కూకు మూడో అధ్యాయం, మత్తయి ఆరో అధ్యాయం, మార్కు తొమ్మిదిలో రోగియైన కొడుకును తెచ్చిన తండ్రి కథ ధ్యానం చేశాం. ఈ తండ్రి ఒక్క ఊపిరిలో నమ్ముతున్నానంటాడు, నా అపనమ్మకానికి సహాయం చేయమనీ అంటాడు. యేసు ప్రభువు అతణ్ణి పొమ్మనలేదు. ఈ మాట విని చాలామంది మనసు విప్పారు. సందేహం వస్తే పాపం చేసినట్టు ఇన్నేళ్లూ లోపలే దాచుకున్నామని పెద్దవయసు సహోదరులు సైతం చెప్పారు.

మత్తయి ఆరు ధ్యానం వేసవిలో పడింది. అప్పటికి మన రైతు కుటుంబాల ఇళ్లలో నల్లబర్లీ పొగాకు పేరుకుపోయి ఉంది. తోరణాలు కట్టి ఆరబెట్టి, చెక్కులు తొక్కి పెట్టుకుంటే కొనేవాళ్లు లేరు. నాటేటప్పుడు ఊరించిన వాళ్లు కోత అయ్యాక ఫోను ఎత్తలేదు. ఆ శనివారం ఆకాశపక్షుల వాక్యం చదవగానే ఒక రైతు సహోదరుడు లేచి నిలబడ్డాడు. "పక్షులకు కౌలు లేదయ్యా, వడ్డీ లేదు. నాకుంది" అన్నాడు. కూటంలో ఎవరూ మాట్లాడలేదు. పాస్టరు గారు కూడా వెంటనే జవాబు ఇవ్వలేదు, అందుకు ఆయనకు నా కృతజ్ఞతలు. కాసేపటికి ఆ సహోదరుడి భార్యే నెమ్మదిగా, "పక్షి కూడా పొద్దున్నే గూట్లో నుంచి బయటికి పోవాలి కదా. మనమూ పోదాం, అడుగుదాం" అంది. ఆ మాటతో మా పని మలుపు తిరిగింది. మరుసటి శనివారం నుంచి ప్రార్థన అయ్యాక అరగంట అప్పుల సంగతి కూడా చూడడం మొదలుపెట్టాం. ఎవరికి ఎంత, ఎంత వడ్డీకి, డ్వాక్రా కిస్తీ ఏ తేదీకి అన్నది కాగితం మీద పెట్టించి, బ్యాంకులో రిటైరైన మన సభ్యుడితో మాట్లాడించాం. ప్రభుత్వం తన సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్ ద్వారా కొనుగోళ్లు మొదలుపెట్టాక కాగితాలు రాసివ్వడానికి, పేర్లు నమోదు చేయించడానికి యూత్ పిల్లలు వెంట వెళ్లారు. అందరి ఆకూ అమ్ముడుపోలేదు, వచ్చిన ధర కూడా పెట్టుబడికి చాలలేదు. అప్పు తీరిందని ఎవరూ సాక్ష్యం చెప్పలేదు. కానీ ఆ నెలల్లో ఎవరూ ఒంటరిగా తలుపేసుకుని కూర్చోలేదు. ఇది చిన్న సంగతని కమిటీ అనుకోవడం లేదు.

నమ్మకం పేరు చెప్పి పని మానేయడం గురించి కూడా ఈ నివేదికలోనే రాయాలి. "దేవుడే చూసుకుంటాడు" అన్న మాట మన నోళ్లలో రెండు రకాలుగా తిరుగుతోంది. చేతనైనదంతా చేసి ఆయన చేతిలో పెట్టేవాళ్లు అనే మాట ఒకటి, లేచి రావడం ఇష్టం లేక అనే మాట ఒకటి. షుగరు మాత్రలు, బీపీ మాత్రలు మానేయడమే విశ్వాసం అనుకున్నవాళ్లు మనలో ఉన్నారు. ప్రార్థన చేయించుకున్నా డాక్టరు చెప్పేదాకా ఏ మందూ మానవద్దని ఉపవాస కూటంలో పాస్టరు గారు కచ్చితంగా చెప్పారు. ఈ మాట ప్రతి గృహ ప్రార్థనలోనూ మళ్లీ చెప్పాలని తీర్మానించాం.

శనివారం ధ్యానాల్లో రెండు వారాలు 1876-78 కరువుకు ఇచ్చాం. ఆ కరువులో క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. బాప్తిస్మం అడిగినవాళ్లకు మాత్రం, కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి కోసం నమ్మారన్న మాట ఎవరూ అనకూడదని, వాళ్ల మనసు వాళ్లకే తేటపడాలని ఆగారు. సాయం ఆపేశాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మనం పండగ సభల్లో ఆ అంకెనే చెప్పుకుంటాం. అంతకుముందు పస్తులుండి, ఏమీ దొరకదని తెలిసి కూడా మళ్లీ వచ్చి అడిగిన మన ముత్తాతల సంగతి చెప్పుకోవడం తక్కువ. మన విశ్వాసం వాళ్ల దగ్గర నుంచి వచ్చింది, మన పిల్లలకు ఈ సంగతి తెలియాలి.

ఇక ప్రార్థన పుస్తకం. పాత లెడ్జరు లాంటి పెద్ద పుస్తకం ఒకటి గుడి పక్క గది వెస్ట్రీలో బల్ల మీద పెట్టాం. ఎడమ పక్క మనవి, కుడి పక్క జవాబు. మొదటి నెలల్లో ఎడమ పక్క నిండిపోయింది, కుడి పక్క చాలావరకు ఖాళీ. పిల్లాడికి ఉద్యోగం, కోడలికి కాన్పు, హైదరాబాదులో తాగుడుకు అలవాటుపడిన కొడుకు, గల్ఫ్ నుంచి ఫోను చేయని భర్త, చీమకుర్తి క్వారీలో పనికి పోయే మనిషి క్షేమం. ఖాళీలు చూసి ఎవరి విశ్వాసమైనా సన్నగిల్లుతుందేమో, ఆ పుస్తకం తీసేద్దామని కమిటీలో కొందరు అన్నారు. వద్దని నేను గట్టిగా వాదించాను, ఇప్పటికీ నా అభిప్రాయం అదే. కొడుకు డయాలసిస్ మీద ఉన్నప్పుడు మనవి రాసిన తల్లి ఒకామె ఉన్నారు. ఆగస్టులో ఆ అబ్బాయి ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. నెల తర్వాత ఆమె వచ్చి ఆ పేజీ తీసి, కుడి పక్కన తన చేత్తో రాశారు: "నేనడిగింది ఇవ్వలేదు. నన్ను వదల్లేదు." ఆమె అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను. ఆ ఇంట్లో మన స్త్రీల సమాజం అక్కలు రోజూ వంతు వేసుకుని పడుకున్నారు. వాళ్లందరికీ పేరుపేరునా వందనాలు.

పరామర్శకు వెళ్లేవాళ్లకు ఈ ఏడు ఒక నియమం పెట్టాం. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులూ మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు, నోరు తెరిచాకే చెడగొట్టారు. కాబట్టి వెళ్లగానే ప్రసంగం వద్దు. ముందు కూర్చోవాలి, ఇంట్లో నీళ్లున్నాయా, పిల్లలు తిన్నారా చూడాలి. "మీలో ఏదైనా పాపం ఉందేమో" అన్న మాట ఎవరి నోటా రాకూడదు.

బాధతో చెప్పాల్సింది కూడా ఉంది. ఆసుపత్రి పరామర్శకు జనవరిలో పేర్లిచ్చినవాళ్లు చాలామంది. మండుటెండల్లో మే నెల వచ్చేసరికి మిగిలింది వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వాట్సాప్ గ్రూపులో "ఆమెన్" అని పెట్టే చేతులు ఆసుపత్రి మంచం పక్కన కనిపించడం లేదు. వారం వారం అదే నలుగురు అక్కలు పని మానుకుని ఆటో ఎక్కి వెళ్తున్నారు. వాళ్లకూ ఇళ్లున్నాయి, కూలి పోతోంది. రాలేని పరిస్థితి వస్తే ముందురోజు ఒక ఫోను చేయండి, అంతకంటే ఎక్కువ అడగడం లేదు.

సమాధుల తోటకు దారి విషయంలోనూ ఇంకా అక్కడే ఉన్నాం. వానాకాలంలో పెట్టెను భుజాల మీద ఎత్తుకుని బురదలో పోవాల్సి వస్తోందని సంబంధిత కార్యాలయానికి అర్జీలు ఇచ్చాం, ఫొటోలు ఇచ్చాం. కొలతలకు మనిషిని పంపుతామన్నారు, రాలేదు. మళ్లీ వెళితే సెక్షను మారిందన్నారు. పెద్దలు విసిగిపోయారు, అయినా అర్జీ వెనక్కి తీసుకోం. ప్రార్థన చేస్తూనే తిరుగుతాం.

అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు ఇళ్లు కారినవాళ్లు గుడి హాలులో పడుకున్నారు. ఆ రెండు రాత్రులూ అన్నం, పప్పుచారు వండిపెట్టిన అక్కలకు, గ్యాస్ పొయ్యి ఇచ్చిన హోటలు సహోదరుడికి, ట్రాక్టరు తెచ్చిన తమ్ముడికి, తమ ఇళ్లలో నుంచి దుప్పట్లు తెచ్చి ఇచ్చిన ఇతర మతస్థులైన ఇరుగుపొరుగు వారికి సహవాసం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. వేసవిలో పిల్లల సెలవుల బైబిలు బడి (వీబీఎస్) బాగా జరిగింది. కోతకాల పండుగ, క్రిస్మస్ క్యారల్స్ ఎప్పటిలాగే జరిగాయి. గృహ ప్రార్థనలకు ఇళ్లు తెరిచిన కుటుంబాలకు, చాపలు మోసిన పిల్లలకు, మైకు సెట్టు అద్దె తీసుకోకుండా ఇచ్చిన సహోదరుడికి, డోలక్ వాయించిన తాతగారికి, ప్రతి శనివారం టీ కాచిన అమ్మగారికి వందనాలు. పేరు మరిచిపోయినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల సేవ ప్రభువు లెక్కలో ఉంది.

జమాఖర్చుల పత్రం విడిగా ఇచ్చాం, కోశాధికారి గారు చదివి వినిపిస్తారు. కానుకలు పొగాకు ఇబ్బంది వల్ల తగ్గాయి, అప్పు లేకుండా ఏడాది గడిచింది. రసీదులు చూడాలనుకునేవారు సమావేశం తర్వాత చూడవచ్చు.

కొత్త కమిటీ ఎన్నిక ఈరోజే. ఆసుపత్రి పరామర్శ బాధ్యతకు ఈసారి ఇద్దరు సహోదరులు కూడా ముందుకు రావాలని కోరుతున్నాను, మగవాళ్ల వార్డులోకి అక్కలు వెళ్లలేకపోతున్నారు. పేర్లు వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక సహకార్యదర్శికి ఇవ్వాలి. ప్రార్థన పుస్తకం నిండింది, కొత్తది కొన్నాం, వెస్ట్రీ బీరువాలో ఉంది. పాతదాన్ని పారేయకుండా భద్రం చేయాలని, సమాధుల తోట దారి అర్జీకి కొత్త కమిటీ ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టాలని ప్రతిపాదిస్తూ, ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

ప్రభువు సేవలో,
కార్యదర్శి