పప్పు మిల్లు కొనే ముందు

ఏరా దోస్త్,

నీ మెసేజ్ చదివాను. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని కూర్చుని రాస్తున్నా. మీ రైతు సంఘం బోర్డు మిల్లు కొనాలని తీర్మానం చేసిందనీ, మిషన్లమ్మేవాడు రెండుసార్లు ఊరికొచ్చి వెళ్లాడనీ రాశావు. తాండూరు కందులు చేతిలో పెట్టుకుని పప్పు వేరేవాడితో చేయించుకోవడం ఏంటన్న మీవాళ్ల మాట సబబే. కాకపోతే మిషనువాడికి అడ్వాన్సు ఇచ్చే ముందు కొన్ని లెక్కలు చూడు.

మొదట పైసల సంగతి. 2020లో వచ్చిన పదివేల ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంఘాల) పథకంలో సభ్యుడు కట్టిన వాటాకు 2,000 రూపాయల దాకా సర్కారు అంతే కలుపుతుంది, మొత్తం మీద సంఘానికి 15 లక్షలు మించకుండా. 300 మంది తలా 2,000 కడితే మీవి 6 లక్షలు, వాళ్లవి 6 లక్షలు. 2025–26లో కందుల మద్దతు ధర క్వింటాలుకు 8,000. అంటే మిల్లుకు ఒక్క రూపాయి పెట్టకపోయినా ఆ 12 లక్షలకు వచ్చేది 150 క్వింటాళ్లే. చిన్న మిల్లు గంటకు క్వింటాలు మరపట్టినా మూడు వారాల్లో గోదాం ఖాళీ. మిల్లుకు అప్పు దొరుకుతుంది, కేంద్రం పెట్టిన అగ్రి ఇన్‌ఫ్రా ఫండ్ కింద 2025–26 దాకా ఇచ్చే రుణాలకు, రెండు కోట్ల వరకు, వడ్డీలో 3 శాతం తగ్గింపు కూడా పెట్టారు. కానీ అది షెడ్డుకూ మిషనుకూ. కందులు కొనడానికి కాదు. మిల్లులు మూతపడేది చాలావరకు ఇక్కడే: మిషను ఉంటుంది, కరెంటు ఉంటుంది, జనవరిలో కాంటా పెట్టి రైతుకు అక్కడికక్కడ లెక్కగట్టి ఇవ్వడానికి డబ్బుండదు. రైతు అడ్తి (కమీషను వ్యాపారి) దగ్గరికి పోతాడు. పోక ఏం చేస్తాడు?

ఇక క్వింటాలు లెక్క. ధరలు లెక్క కోసం వేస్తున్నవి, మీ దగ్గర ఆ రోజు ధర వేసుకో. 100 కిలోల కందుల్లో మట్టిపెళ్లలు, పుల్లలు, తాలు, ఆరబెట్టినప్పుడు పోయే తేమ కలిపి 4 కిలోలు తీసెయ్. మంచి మిల్లులో పప్పు 70 కిలోలు, విరిగిన ముక్క 6, పొట్టూ పిండీ కలిసిన చున్నీ 20. పప్పు టోకున కిలో 110 అయితే 7,700. ముక్క 70 చొప్పున 420. చున్నీ 22 చొప్పున 440. మొత్తం 8,560. ఇందులో కందుల ఖరీదు 8,000, హమాలీ, కరెంటు, నూనె, సంచులు, కూలీ కలిపి 300. మిగిలింది 260.

అదే పప్పు 65 కిలోలే వస్తే ఆ అయిదు కిలోలూ పిండై చున్నీలో కలుస్తాయి. 550 పోయి 110 వస్తుంది. 260 లాభం కాస్తా 180 నష్టం. అయిదు శాతం తేడాకు సంఘం ఇటు నుంచి అటు పడిపోతుంది. అందుకే మిషనువాడు 'గంటకు ఎన్ని కిలోలు' అని చెప్తుంటే వినకు, 'నూటికి ఎంత పప్పు' అని అడుగు. గింజలో పొట్టు, మొలక కన్ను పోను 85 శాతం దాకా పప్పే ఉంటుంది. పెద్ద మిల్లులు 70 నుంచి 75 తీస్తాయి. మిగతాదంతా రోలరు మింగేది.

ఎందుకు మింగుతుందంటే, కంది పొట్టుకూ పప్పుకూ మధ్య జిగురు పొర ఉంటుంది. శనగకు ఇంత పీడ లేదు. ఆ జిగురు వదిలించకుండా రోలరులో వేస్తే పొట్టుతో పాటు పప్పు అంచులూ అరిగిపోతాయి. అరిగిన పప్పును చేతిలో వేసుకుని చూస్తే తెలుస్తుంది: అంచు పదునుగా ఉండదు, గుండ్రంగా, బూడిద రాసినట్టు ఉంటుంది. పోయిన ఆ పై పొరలోనే మాంసకృత్తులు, కాల్షియం, ఇనుము ఎక్కువ. అంటే తూకమూ పోయింది, బలమూ పోయింది.

జిగురు వదిలించడానికి ముందు గింజను సైజుల వారీగా జల్లెడ పట్టాలి. మీ ఊళ్లో ఒకరు 'ఆశ' అనే రకం వేస్తారు, ఒకరు తాండూరు రకం, ఇంకొకరు ఇంట్లో దాచిన విత్తనం. అన్నీ కలిపి పోస్తే పెద్ద గింజకు సరిపడ్డ రోలరు సందులో చిన్నది పొట్టుతోనే జారిపోతుంది, చిన్నదానికి బిగిస్తే పెద్దది పిండవుతుంది. జల్లెడకు పెట్టే ఖర్చు మిషనుకు పెట్టేదానికంటే ముందు తిరిగొస్తుంది.

తర్వాత ఎమరీ (గరుకు రాతి పూత) రోలరును వదులుగా పెట్టి ఒకసారి తోలాలి. పొట్టు మీద గీతలు పడాలి, అంతే. ఈ గీతలు లేకపోతే నూనె లోపలికి దిగదు. క్వింటాలుకు 300 నుంచి 500 గ్రాముల నూనె పట్టించి రాత్రంతా కుప్ప పోసి ఉంచాలి. 'కాస్త ఎక్కువైతే ఏం' అని కిలో పోసేవాళ్లుంటారు. పప్పు జిడ్డుగా వస్తుంది, రెండు నెలల్లో ముక్కిపోయిన వాసన. మర్నాటి నుంచి రెండు మూడు రోజులు ఎండ. చివర్న క్వింటాలుకు రెండు మూడు లీటర్ల నీళ్లు చిలకరించి, కలియబెట్టి, మళ్లీ ఒక రాత్రి కుప్ప. ఈ నీళ్లకు పొట్టు ఉబ్బి వదులవుతుంది, లోపల పప్పు మాత్రం గట్టిగానే ఉంటుంది. పొద్దున్నే రోలరులో వేస్తే పొట్టు ఊడి పప్పు విచ్చుకుంటుంది. మొదటి విడతకే అంతా కావాలని బిగించొద్దు. పొట్టు ఊడినా విచ్చుకోనిది, దాన్ని గోటా అంటారు, వేరు చేసి మళ్లీ తోలుకోవాలి. పొట్టు ఊడని గింజకు మళ్లీ నూనె, మళ్లీ ఎండ.

మన ఇళ్లలో చేసే ఎర్రమట్టి పద్ధతి ఉంది కదా, కందులు నానబెట్టి, మట్టి పట్టించి, ఎండబెట్టి ఇసుర్రాయిలో విసిరేది. పొట్టు శుభ్రంగా ఊడుతుంది, పప్పు రుచిగానూ ఉంటుంది. కానీ నానిన పప్పు మధ్యలో గుంట పడుతుంది, ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. మిల్లుకు మాత్రం నూనె పద్ధతే పెట్టుకోండి.

కళ్లం ఎంత కావాలో మీవాళ్లు ఆలోచించినట్టు లేదు. రెండున్నర సెంటీమీటర్ల మందాన పరిస్తే క్వింటాలుకు 5 చదరపు మీటర్లు. రోజుకు 8 క్వింటాళ్లు మరపట్టి, ఒక్కో విడత మూడు రోజులు ఆరాలంటే ఎప్పుడు చూసినా 24 క్వింటాళ్లు నేల మీదుంటాయి. 120 చదరపు మీటర్లు. తిరగడానికి దారి కలిపి 180 గజాలు అనుకో. బండలు మీ దగ్గరే దొరుకుతాయి కాబట్టి పరిపించండి, మట్టి నేల మీద టార్పాలిన్ అయితే రాళ్లు కలుస్తాయి. వానలు పడ్డాక ఈ పని సాగదు. మే నెలాఖరుకల్లా సంవత్సరానికి సరిపడా పప్పు చేసి పెట్టుకోవాల్సిందే. లేకపోతే డ్రయరు కొనాలి, అది ఇంకో అప్పు.

కరెంటు కూడా కనుక్కో. బోరుబావి కనెక్షను మీద మిల్లు నడపకూడదు, వేరే కనెక్షను తీసుకోవాలి. వోల్టేజీ తగ్గితే రోలరు నెమ్మదించి పొట్టు మిగిలిపోతుంది. ఆపరేటరు అది చూసి సందు బిగిస్తాడు. వోల్టేజీ మళ్లీ పెరగ్గానే అంతా పిండి.

ఇంత చెప్పి మిల్లు వద్దంటున్నాననుకోకు. మొదటి సంవత్సరం కందులు కొని పప్పు అమ్మే వ్యాపారం వద్దంటున్నా. కూలి మర పెట్టండి, అంటే రైతు తెచ్చిన కందులను కూలి తీసుకుని పప్పు చేసివ్వడం. మీ మండలంలో కందులు పండించిన ఇల్లే జనవరిలో కందులు కాంటా వేసి, జూలైలో కిరాణా కొట్టులో పప్పు కొంటుంది. తాను అమ్మిన దానికే లారీ కిరాయి, కమీషను, మిల్లు లాభం, కొట్టు లాభం కలిపి మళ్లీ తనే కట్టుకుంటుంది. డబ్బులు లేని నెలలో పప్పే మానేస్తారు. అయిదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 50 గ్రాములు వేసుకున్నా ఏడాదికి 91 కిలోల పప్పు కావాలి. దానికి 130 కిలోల కందులు చాలు. ఒకటిన్నర క్వింటాలు కూడా కాదు. ఈ కందులు అమ్మకుండా ఇంట్లోనే ఉంచుకునేట్టు చేయగలిగితే సంఘం చేసే మొదటి మంచి పని అదే అవుతుంది. పైగా మీకు పెద్ద పెట్టుబడి అక్కర్లేదు, కందులు వాళ్లవి. కిలోకు 4 రూపాయల కూలి పెట్టినా రోజుకు 8 క్వింటాళ్ల మీద 3,200 వస్తుంది, ఆపరేటరు చెయ్యీ తిరుగుతుంది.

ఒక చిక్కుంది. ఒక్కొక్కరివి 130 కిలోలు విడివిడిగా నూనె పట్టించి, విడివిడిగా ఆరబెట్టి, కలవకుండా మరపట్టడం నరకం. గొడవలు మొదలయ్యేది అక్కడే, 'నా కందులు లావు, నాకిచ్చిన పప్పు సన్నం' అని. దానికి మార్పిడి పెట్టుకోండి. పది పదిహేను క్వింటాళ్లతో ముందే పప్పు చేసి ఉంచండి. సభ్యుడు కందులు తెస్తే తేమ మీటరుతో చూసి, జల్లెడ పట్టి, శుభ్రమైన క్వింటాలుకు ఇన్ని కిలోల పప్పు అని బోర్డు మీద రాసి, అప్పటికప్పుడే ఇచ్చి పంపండి. పుచ్చులున్నా, తేమ ఎక్కువున్నా ఎంత కోత అనేది కూడా అదే బోర్డు మీద ఉండాలి. కాంటా దగ్గర నోటిమాటగా తరుగు తీసే అలవాటు అడ్తిలో చూసి చూసి జనం విసిగిపోయారు, మీరూ అదే చేస్తే ఒక్క సీజనుకే సంఘం పని అయిపోతుంది.

పుచ్చు సంగతి మాత్రం పూర్తిగా చదువు. గింజను పుచ్చు చేసే పెంకుపురుగు గోదాంలోనే పుడుతుందనుకోకు, చేలోనే ఎండిన కాయ మీద గుడ్డు పెట్టి గింజతో పాటు ఇంటికొస్తుంది. దోసెడు కందులు వెలుతురులో పెట్టి చూడు, గింజ మీద సూదిమొనంత తెల్ల చుక్క అంటుకుని ఉంటే అది గుడ్డే. పిల్లపురుగు దాని కిందనుంచే గింజలోకి తొలుచుకుపోతుంది కాబట్టి బయటికి ఏమీ కనపడదు. నువ్వు గుండ్రటి రంధ్రం చూసేసరికి పురుగు బయటికొచ్చి మళ్లీ గుడ్లు పెట్టేసి ఉంటుంది. కాబట్టి కోత కాగానే 9–10 శాతం తేమకు ఎండబెట్టి, గాలి చొరని లోపలి సంచి ఉన్న బస్తాల్లో మూతి బిగించి కట్టాలి. లోపల ప్రాణవాయువు తగ్గి పురుగు చస్తుంది. ఎలుక ఒక్క కన్నం పెట్టినా అదంతా వృథా, అందుకని బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు మూరెడు దూరంగా. పప్పుగా చేసిన దానికి ఈ పురుగు బెడద తక్కువ, తొందరగా మరపట్టుకోవడానికి అదొక కారణం. గోదాముకు పొగ పెట్టే బిళ్లలు మాత్రం లైసెన్సున్నవాడితోనే వేయించండి. ఇళ్లలో బస్తాల మధ్య వేసి అదే గదిలో పడుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

మిగిలిన కందులు అమ్మడానికైతే శుభ్రం చేసి, ఆరబెట్టి, కలిపి ఒకే లాటుగా అమ్మండి. మద్దతు ధర కేంద్రంలో తేమ 12 శాతం దాటితే, చెత్తా చెదారం 2 శాతం మించితే తిప్పి పంపుతారు. ధర పెరుగుతుందని దాచాలనుకుంటే రిజిస్టరైన గోదాంలో పెట్టి ఎలక్ట్రానిక్ రసీదు మీద అప్పు తెచ్చుకోవచ్చు. ఎంతకాలం దాచాలంటే, నా లెక్కలో ఆగస్టు దాటొద్దు. మొజాంబిక్, టాంజానియా, మలావీల పంట ఆ తర్వాతే మన రేవులకు దిగుతుంది. 2021 మేలో దిగుమతికి తలుపులు తెరిచి గడువు పెంచుతూ వచ్చారు కాబట్టి ఆ సరుకు రాగానే ఇక్కడ ధర మెత్తబడే అవకాశమే ఎక్కువ. బర్మా నుంచి వచ్చే లెమన్ రకం కంది అదనం. తాండూరులో వానలు చూసి ధర ఊహించే రోజులు పోయాయి.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, మీ ప్యాకెట్ మీద ఆ ముద్ర వేద్దామన్నావు. వెయ్యొచ్చు, కానీ అధీకృత వాడుకదారుగా నమోదు చేసుకున్నాకే. పైగా ఎవరి చేనునుంచి ఎంత వచ్చిందో రిజిస్టరు ఉండాలి. బయటి కందులు ఒక్క లారీ కలిపినా పేరు పోతుంది. ఇంకోటి, 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేస్తే 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ ఉంది, లూజుగా అమ్మితే లేదు. ఫుడ్ లైసెన్సు నంబరు, నికర బరువు, ధర, ప్యాక్ చేసిన తేదీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు అన్నీ ఉండాలి. రెండో ఏడాది చూసుకోండి, ఇప్పుడే కవర్లు అచ్చు వేయించకండి. హాస్టళ్లకు టెండరు వేద్దామన్న ఆలోచనా అంతే: బిల్లు ఎప్పుడొస్తుందో తెలియకుండా 50 క్వింటాళ్ల డబ్బు ఇరికించుకునే స్థితి మీకు లేదు.

ఇప్పుడు వెంటనే చేయాల్సిందిది. మిషనువాడు తెచ్చిన కందులతో డెమో చూసి మురిసిపోకండి. మీ ఊరి కందులు శుభ్రం చేసి, మీరే నూనె పట్టించి ఆరబెట్టి, అప్పుడు 50 కిలోలు తూచి వాడి దగ్గరికి తీసుకుపోండి. మరపట్టాక పప్పు, గోటా, ముక్క, పిండి, పొట్టు అన్నీ విడివిడిగా తూచండి. అన్నీ కలిపి 49 కిలోలకు తగ్గితే ఎక్కడో దాస్తున్నాడు, లేదా దుమ్ముగా ఎగిరిపోతోంది. రోలరు మీద ఎమరీ అరిగాక కొత్తది ఎక్కడ వేస్తారో, ఎన్ని రోజులు పడుతుందో కాగితం మీద రాయించుకో. సీజను మధ్యలో రోలరు కోసం హైదరాబాదుకు తిరుగుతూ కూర్చుంటే కుప్ప పోసిన కందులు పులిసిపోతాయి.

ఆ పప్పు ఒక గ్లాసు ఇంటికి పట్టుకెళ్లి వదినకివ్వు. కొట్టు పప్పూ ఇదీ పక్కపక్క గిన్నెల్లో, మూత పెట్టకుండా, ఒకే మంట మీద. ఏది ముందు మెత్తబడిందో, ఏది నురగ కక్కిందో ఆమె చెప్పినదే నాకు రాయి. కొటేషన్ కాగితం ఫోటో కూడా పంపు, మోటారు హార్స్‌పవరు, రోలరు సైజు కనపడేట్టు తీసి.

నీ దోస్త్