ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వద్దు

సంపాదకులకు,
తిరుమల నుంచి బైకుపై దిగేవారు పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేస్తుంటారు. కలిసొచ్చేదేమీ లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ (కార్బొరేటర్ బదులు పెట్రోలును కొలిచి చిమ్మే ఏర్పాటు) ఉన్న బండిని గేరులో ఉంచి యాక్సిలరేటర్ మూసేస్తే పెట్రోలు దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో ఇంజిన్ బండిని పట్టి ఉంచదు, భారమంతా బ్రేకులదే. బ్రేకు డ్రమ్ము వేడెక్కి పట్టు సడలుతుంది.

మలుపుకు ముందే, బండి నిటారుగా ఉండగానే ఒక్కో గేరూ తగ్గించాలి. క్లచ్ నొక్కి, యాక్సిలరేటర్ కాస్త తిప్పి, గేరు దించి, క్లచ్ నెమ్మదిగా వదలాలి. నాలుగు నుంచి ఒకేసారి రెండుకు దించి ఠక్కున వదిలితే వెనక చక్రం జారుతుంది. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉందిగా అనుకోవద్దు, అది బ్రేకుల పట్టునే సడలించగలదు, ఇంజిన్ పట్టును కాదు. గేరుతో వేగం తగ్గితే వెనక ఎర్రలైటు వెలగదు. అందుకే వెనకవారికి తెలిసేలా బ్రేకు పెడలును తేలిగ్గా నొక్కుతుండాలి.

- ఒక మెకానిక్, తిరుపతి