గుడి గోడల మీద గురువుల బొమ్మలు

సంపాదకులు గారికి నమస్కారం.

కుంభాభిషేకం దగ్గర పడిందంటే మన కడప, కర్నూలు జిల్లాల గుళ్లకు కొత్త రంగులు పడతాయి. కాంట్రాక్టు కాగితంలో చదరపు అడుగుకు ఇంత, ఫలానా కంపెనీ పెయింటు, రెండు కోటింగులు అని ఉంటుంది. బొమ్మ ఎలా ఉండాలో ఒక్క ముక్క ఉండదు. కూలి అడుగుల లెక్కన కాబట్టి పెయింటరు ఫోనులో దొరికిన బొమ్మ చూసి వేసేస్తాడు. దేవుళ్లకైతే ఎదురుగా విగ్రహాలున్నాయి. తప్పులన్నీ గురువుల దగ్గరే.

గురువు రూపంలో ఉన్న శివుడు దక్షిణామూర్తినే తీసుకోండి. మర్రిచెట్టు కింద గురువు యువకుడు, చుట్టూ ఉన్న నలుగురు శిష్యులు ముసలి మునులు. ఆ బొమ్మకు ప్రాణం అదే. ఇప్పుడేమో గురువుకు తెల్లగడ్డం పెట్టి, శిష్యుల్ని వేదపాఠశాల పిల్లల్లా వేస్తున్నారు. ఎడమకాలు మడిచి కుడి తొడ మీద ఉండాలి, కుడిపాదం అజ్ఞానానికి గుర్తైన మరుగుజ్జు అపస్మారుడి మీద. చిన్ముద్రలో బొటనవేలి కొస చూపుడువేలి కొసను తాకాలి, మిగతా మూడు వేళ్లు నిటారుగా నిలవాలి. ఆయన నోరు మెదపడు, ఆ చేత్తోనే బోధిస్తాడు. వేళ్ల మధ్య సందు వదిలితే అది ఉత్త అభయహస్తమైపోతుంది.

రామానుజులకు మూడు కర్రలు కలిపి కట్టిన త్రిదండం, పిలక, జంధ్యం ఉంటాయి. శంకరులది ఒంటి దండం, బోడి తల. ఇద్దరికీ ఒకటే స్టెన్సిల్ వాడేస్తున్నారు! శ్రీవైష్ణవుల్లో వడగలై, తెంగలై అని రెండు శాఖలు. అహోబిల మఠం వారిది వడగలై నామం, దానికి కింద పాదం ఉండదు. తెంగలై నామానికి ముక్కు మీదికి పాదం దిగుతుంది. ఆ పాదం కోసం కోర్టుల దాకా పోయిన తగాదాలున్నాయి. మంత్రాలయం రాఘవేంద్రస్వామి నొసట మాధ్వుల గుర్తులైన అంగారం (నల్లటి బొగ్గు బొట్టు) నిలువుగీత, అక్షింత చుక్క మరిచిపోతే ఆయన ఏ సంప్రదాయం వారో తెలియదు.

ఇంకో సంగతి, పాత సున్నపు గచ్చు మీద ఎనామిల్ (నూనె రంగు) వేయకూడదు. గోడలోని చెమ్మ బయటికి పోయే దారి లేక ఉప్పు పూస్తుంది, బొబ్బలెత్తి గచ్చుతో సహా పెచ్చులూడుతుంది. లేపాక్షిలో అచ్యుతదేవరాయల నాటి బొమ్మలు సున్నపు గచ్చు మీద వేసినవే.

దేవాదాయ శాఖ వారికి మా మనవి ఒక్కటే. సుద్దతో గీత గీశాక, ఆ సంప్రదాయం తెలిసిన అర్చకుడో మఠం పెద్దో చూసి సంతకం పెడితేనే రంగు ముట్టుకోవాలని టెండరులో రాయండి. అప్పటికైతే తప్పు తడిగుడ్డతో పోతుంది.

— కొందరు చిత్రకారులు, ప్రొద్దుటూరు