చెరువు కింద రాత్రి విడిది: మన సంఘం 2023-24 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు, పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

2023 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా మన గ్రామ సంఘం చేసిన పనుల వివరం ఇది. బతుకమ్మ ఆడే చోటు చదును చేయించడం, బడి పిల్లలకు నోటుబుక్కులు ఇవ్వడం, తూము కాలువలో పూడిక తీయించడం ప్రతి ఏడూ జరిగినట్టే జరిగాయి. వాటి ఖర్చు లెక్కల పట్టికలో ఉంది. ఈ నివేదికలో ఎక్కువ భాగం రాత్రి విడిది, అంటే బయటి ఊళ్ల బండ్లు రాత్రి ఆగడానికి మన సంఘం పెట్టిన చోటు గురించే రాస్తున్నాను. ఏడాది పొడుగునా సభ్యులు నన్ను ఎక్కువగా అడిగింది దాని గురించే. కార్యవర్గం తప్పు చేసింది కూడా ఆ పనిలోనే.

2021 జులై 25న మన ములుగు జిల్లా రామప్ప గుడికి యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక జంగాలపల్లి దగ్గర పెద్దరోడ్డు దిగి ఇటు వచ్చే బండ్లు పెరిగాయి. పొద్దున గుడి, మధ్యాహ్నం లక్నవరం, మర్నాడు బొగత జలపాతం అనుకొని వచ్చేవాళ్లకు నడుమ ఒక రాత్రి గడపాలి. గదులు దొరకనివాళ్లు, దొరికినా బండి విడిచి పోవడం ఇష్టం లేనివాళ్లు మన చెరువు కట్ట మీదనే ఆగేవారు. టెంపో ట్రావెలర్లు, తుఫాన్ జీపులు వచ్చాయి. మంచాలు, పొయ్యి, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉన్న క్యారవాన్లు కూడా వచ్చాయి. పొద్దున లేచేసరికి కళ్ల ముందు నీళ్లు కనబడాలని వాళ్ల కోరిక. అందులో తప్పేమీ లేదు. మనం రోజూ చూస్తున్నాం కాబట్టి మనకు దాని విలువ తెలియదు.

మనకు క్యారవాన్ అనే మాట కొత్త కావచ్చు గానీ బండిలో సంసారం కొత్త కాదు. మేడారానికి ఎడ్లబండ్ల మీద పోయిన తరం ఇంకా మన నడుమ ఉంది. బియ్యం, గంజు, బెల్లం, కోళ్లు, పిల్లలు అన్నీ బండిలోనే. రాత్రయితే బండి కింద గడ్డి పరుచుకొని పడుకునేవారు. ఎడ్లకు ఇంత నీళ్లు, పొయ్యికి మూడు రాళ్లు ఉంటే సరిపోయేది. ఇప్పటి బండి అలా కాదు. అది సబ్బునీళ్లు వదులుతుంది, నూనె కారుస్తుంది, లోపలి మరుగుదొడ్డి తొట్టి నిండితే ఎక్కడో ఒకచోట ఖాళీ చేయాలి. ఆ 'ఎక్కడో' మన చెరువు కాకూడదనే పట్టుదలతోనే విడిది మొదలుపెట్టాం. ఈ నీళ్ల కిందనే మన వరి పండుతుంది, మన ముదిరాజ్ అన్నల చేపలు పెరుగుతాయి, పశువులు తాగుతాయి.

కట్ట మీద బండ్లు ఎందుకు వద్దన్నామో ఇంకా కొందరికి సందేహం ఉంది. కట్ట అంటే నీళ్ల బరువు ఆపడానికి పోసిన మట్టి. బరువు బండి తిరిగితే చక్రాల గాడి పడుతుంది, గాడిలో వాననీరు నిలుస్తుంది, నిలిచిన నీరు లోపలికి దిగి మట్టిని మెత్తబరుస్తుంది. గండి మొదలయ్యేది అక్కడే. 800 ఏండ్ల కింద రామప్ప గుడి కట్టినవాళ్లు పునాది కింద ఇసుక నింపి బరువు మోయించారు. ఆ నేర్పు గల కాలంలో పోసిన కట్టలే మన చుట్టూ ఉన్నాయి. వాటి మీద డీసీఎంలు నిలపడం మనకు తగదు.

జులై వాన, మా తప్పు

ఏప్రిల్‌లో విడిదికి మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) పక్కన, శిఖం (చెరువు నిండితే మునిగే భూమి) అంచు చోటు ఎంచుకున్నాం. నీళ్లకు దగ్గర, కిరాయి లేదు, చదునుగా ఉంది. రెండు మరుగుదొడ్లు, ఒక ఇంకుడు గుంత, ఒక చేతిపంపు. పన్నెండు బండ్లు పట్టే చోటు. మే నెలలో చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. చెరువు నీళ్లు చూసుకునే నీరటి పెద్దాయన ఒక్కడు మాత్రం 'ఇది నీళ్ల జాగ బిడ్డా' అన్నాడు. మేము వినలేదు.

జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో మన వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందు ఎన్నడూ నమోదు కాలేదు. అదే వానకు జంపన్నవాగు పొంగి కొండాయిలో ప్రాణాలు పోయాయి. పక్క జిల్లాలో మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది. ఆ దుఃఖం ముందు మన నష్టం చెప్పుకోదగింది కాదు, అయినా నివేదికలో రాయాలి. ఆ రాత్రి విడిదిలో రెండు బండ్లు ఉన్నాయి. మత్తడి మీద నీళ్ల రంగు మారిందని నీరటి పెద్దాయనే చీకటి పడకముందు వచ్చి, తలుపులు తట్టి, ఆ కుటుంబాలను బడి దగ్గరికి తీసుకుపోయాడు. పిల్లలు బడి వరండాలో నిద్రపోయారు, మన ఇళ్ల నుంచి అన్నం పోయింది. తెల్లారేసరికి విడిది ఆనవాలు లేదు.

నీళ్లు తీసిన తర్వాత చూసింది ఇంకా బాధ కలిగించింది. ఇంకుడు గుంత నిండి, మరుగుదొడ్ల గుంత కూడా నిండి, లోపలిది కింది మడికట్టులోకి కొట్టుకుపోయింది. ఏ మురికి చెరువులో కలవకూడదని పని మొదలుపెట్టామో ఆ మురికిని మనమే పొలానికి చేర్చాం. భూగర్భ నీరు పైకి వచ్చే కాలంలో, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే) గీతకు అంత దగ్గర గుంత తవ్వితే ఇంకడానికి చోటే ఉండదు. ఈ మాత్రం ముందే ఆలోచించవలసింది. ఆ మడికట్టు రైతులకు మళ్లీ నాటు వేసుకోవడానికి కూలి ఖర్చు సంఘం నుంచి ఇచ్చాం. కార్యవర్గం తరఫున నేను క్షమాపణ చెప్పుకుంటున్నాను.

చెలక మీదికి

ఆగస్టు సభలో విడిది మూసేద్దామన్నవాళ్లే ఎక్కువ. మూసినా బండ్లు ఆగవు, మళ్లీ కట్ట మీదికే ఎక్కుతాయి అని ఆడవాళ్ల సంఘం నుంచి వచ్చిన అక్క ఒకామె అన్న తర్వాత సభ తిరిగింది. రోడ్డుకు ఆనుకొని ఉన్న మొరం చెలకను మన సభ్యుడొకరు కిరాయికి ఇచ్చారు. చెరువు అక్కడినుంచి కనబడుతుంది గానీ నడిచి పోవాలి. నడక దారికి రెండు వైపులా కానుగ మొక్కలు పెట్టాం. కాంక్రీటు వేయలేదు, మొరం తొక్కించి వదిలాం. వాన ఇంకుతుంది, రేపు ఆ రైతు చెలక దున్నుకోవాలన్నా అడ్డం ఉండదు.

దీపావళికి సెలవు మీద వచ్చిన మన సభ్యుల బిడ్డ ఒకామె న్యూజిలాండ్‌లో ఉద్యోగం చేస్తున్నది. అక్కడ సముద్రం ఒడ్డున ఇల్లంత బండ్లు రాత్రిళ్లు ఆగే పద్ధతిని ఆమె మనకు కూర్చోబెట్టి చెప్పింది. అది మన పనికి ఎంత ఉపయోగపడిందంటే ఇక్కడ కాస్త వివరంగా రాయక తప్పదు. అక్కడ 2011లోనే దీనికి ప్రత్యేక చట్టం చేశారు. ఎక్కడ ఆగవచ్చు, ఎక్కడ ఆగకూడదు, ఎన్ని రాత్రులు అనేది స్థానిక మండళ్లే నిర్ణయించుకోవచ్చు. అయినా తీరం పాడవుతుంటే 2023 జూన్‌లో గట్టి సవరణ వచ్చింది. మండలి భూమిలో రాత్రి ఆగే బండికి మామూలుగా తన మురుగు తనలోనే దాచుకునే ఏర్పాటు, దానికి ధ్రువపత్రం ఉండాలి. మరుగుదొడ్డి బండికి బిగించి ఉండాలి, మడిచి మంచం కింద పెట్టేది చెల్లదు. బయటి సాయం లేకుండా మూడు రోజులకు సరిపడా నీళ్లు, మురుగు తొట్టి ఉండాలన్నది అక్కడి ప్రమాణం. తొట్టి ఖాళీ చేయడానికి ఊళ్లలో ప్రత్యేకంగా చోట్లు కట్టి ఉంచారు.

నేను పట్టుకున్నది ఆఖరి మాట. బండివాడిని 'ఇక్కడ పోయకు' అనే ముందు 'అదిగో అక్కడ పోసుకో' అని చూపించగలగాలి. మన దేశంలో కూడా సముద్ర తీరాన్ని కాపాడే సీఆర్‌జడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) నిబంధనలు ఉన్నాయి. ఆటుపోట్లలో నీరు చేరే గరిష్ఠ గీత నుంచి కొలుచుకొని, పల్లె తీరాల్లో జనసాంద్రతను బట్టి 50 లేదా 200 మీటర్లు నిర్మాణాలు నిషేధించిన మేర అని 2019 ప్రకటన చెబుతుంది. చెరువుకు ఎఫ్‌టీఎల్ అలాంటి గీతే. పట్టణాల్లో 10 హెక్టార్లు దాటిన చెరువులకు ఆ గీత నుంచి 30 మీటర్లు వదలాలనే నిబంధన ఉంది. మనది పల్లె, మనల్ని ఎవరూ అడగరు, అయినా ఆ 30 మీటర్లు మన తీర్మానంలో రాసుకున్నాం. సముద్రం ఆటుతో వెనక్కి పోయి మళ్లీ కడుక్కుంటుంది. చెరువులో పడింది చెరువులోనే ఉంటుంది. అందుకని మన నియమం తీరం నియమం కన్నా గట్టిగా ఉండాలని నా నమ్మకం.

కొత్త చోట సబ్బునీళ్లకు ఒక గుంత, మరుగుదొడ్డి తొట్లకు వేరే మూత గుంత తవ్వించాం. రెంటినీ కలపకూడదు. క్యారవాన్ తొట్లలో వాసన రాకుండా పోసే మందుల్లో కొన్ని ఫార్మాలిన్ కలిసినవి. అవి గుంతలో మురికిని కుళ్లించే సూక్ష్మజీవులనే చంపుతాయి, గుంత పని చేయడం మానేస్తుంది. అందుకే మందు డబ్బా చూపించిన తర్వాతనే మూత తాళం తీస్తున్నాం. బండికీ బండికీ నడుమ ఆరు మీటర్ల ఎడం పెట్టాం. గ్యాసు సిలిండరు ఒక బండిలో అంటుకుంటే పక్క బండికి పాకకుండా ఉండాలని.

డిసెంబరులో జరిగింది కూడా చెప్పాలి. ఒక పెద్ద టూరిస్టు బండి రుసుము కట్టి, రాత్రి ఆగి, తెల్లవారుజామున పోతూ తొట్టిని తూము కాలువలో వదిలిపోయింది. యాసంగి నారుమళ్లకు నీళ్లు పారుతున్న రోజులవి. కాలువలో దిగి తన చేతులతో ఎత్తిపోసింది నీరటి పెద్దాయన, ఆయన కొడుకు. మూత గుంత అక్కడికి రెండు వందల అడుగుల దూరంలోనే ఉంది. ఆ రాత్రి కాపలా ఉండాల్సిన వంతు మనవాళ్లదే, నిద్రపోయారు. ఆ రోజు నుంచి తాళంచెవి, పుస్తకం రెండూ కాపలా మనిషి దగ్గరే ఉంటున్నాయి. పోయే బండి తొట్టి ఖాళీ చేశానని సంతకం పెట్టాక గేటు తీస్తాం. మళ్లీ అలాంటిది జరగలేదు.

జాతర నాలుగు రోజులు

మేడారం జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా. నిజానికి మనకు జాతర జనవరి ఆదివారాలతోనే మొదలైంది. ప్రైవేటు బండ్లు పస్రా, నార్లాపూర్ మీదుగా పోతాయి కాబట్టి మనకు వచ్చేవి దారిలో రామప్ప చూసుకొనేవి, తిరుగు ప్రయాణంలో అలసి ఆగేవి. గట్టమ్మ తల్లికి మొక్కి బయల్దేరిన కుటుంబాలు, డీసీఎంలో టార్పాలిన్ కింద ఇరవై మంది. ఆ నాలుగు రోజులు పన్నెండు బండ్ల హద్దు నిలబెట్టుకోలేకపోయాం. తల్లుల దగ్గరికి పోయొచ్చిన మనిషిని, చంకలో పిల్లతో, అర్ధరాత్రి 'చోటు లేదు' అని పంపించడానికి ఎవరికీ నోరు రాలేదు. పక్క చెలక కూడా తెరిచాం.

నీళ్ల కన్నా ఎక్కువ ఇబ్బంది కోళ్ల ఈకలు, మేకల పేగులు. కుక్కలు ఈడ్చుకుపోయి చెరువు అంచున వేశాయి. రెండో రోజు నుంచి లోతు గుంత తీసి, పొరపొరకు సున్నం చల్లి పూడ్చాం. కోసేందుకు ఒకే చోటు చూపించి, అక్కడే నీళ్ల డ్రమ్ము పెట్టాం. చెప్పిన తర్వాత కాదన్నవాళ్లు ఎవరూ లేరు. ఒక ముసలవ్వ తన ఎత్తు బంగారంలో (మనిషి బరువుకు తూగేట్టు తల్లులకు మొక్కిన బెల్లం) మిగిలిన ముక్క కాపలా పిల్లల చేతుల్లో పెట్టిపోయింది. వచ్చే జాతరకు సున్నం, డ్రమ్ములు జాతరకు వారం ముందు వచ్చే మండమెలిగే పండుగకు ముందే తెచ్చి పెట్టుకోవాలి.

పంచాయతీ పాలకవర్గాల గడువు ఫిబ్రవరి మొదట్లో ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చారు. సరిగ్గా జాతర ముంగిట్లో ఎవరి సంతకం కావాలో తేలక చెత్త ట్రాక్టరు ఆలస్యమైంది. మన సభ్యులే తమ ట్రాక్టర్లు తిప్పారు. డీజిలు డబ్బులు కూడా తీసుకోలేదు.

లెక్కలు

రాత్రికి చిన్న బండికి 100 రూపాయలు, డీసీఎం, క్యారవాన్లకు 150 తీసుకున్నాం. పూర్తి జమాఖర్చుల పట్టిక పంచాయతీ గోడకు అంటించాం, అడిగినవారికి నకలు ఇస్తాం. ఒక్క మాట దాచకుండా చెప్పాలి. వచ్చిన రుసుముతో కాపలా, శుభ్రం ఖర్చు వెళ్లింది గానీ మూత గుంత తోడించే ట్యాంకరు ఖర్చు వెళ్లలేదు. చందాల నుంచి పెట్టాం. క్యారవాన్ రుసుము పెంచాలని కార్యవర్గం ప్రతిపాదిస్తున్నది, జాతర బండ్లకు పెంచవద్దని నా విన్నపం. రెండింటినీ సభ ముందు పెడుతున్నాం.

వచ్చే ఏడాదికి రెండో మూత గుంత తప్పదు. ఒకటి నిండి మూసినప్పుడు రెండోది వాడాలి. చోటు ఈసారి నీరటి పెద్దాయన చూపించారు, చెలకలో అన్నిటికన్నా ఎత్తైన మూల. ఆయనను కార్యవర్గంలోకి తీసుకోవాలని తీర్మానం రాసి ఉంచాం. వానలు పడకముందే, వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి తవ్వకం మొదలుపెడుతున్నాం. పలుగు, పార ఉన్నవాళ్లు వెంట తెచ్చుకోవాలి. చాయ్, ఉప్మా సంఘం తరఫున ఉంటాయి.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున