బంతి జారితే ఎవరి ఖాతాలో రాయాలి?

సంపాదకుల గారికి నమస్కారం.

మీ క్రీడా పేజీలో అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌కి కాస్త చోటు ఇవ్వమని అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. నవ్వి పక్కన పెట్టేయకండి. ఒక ఆదివారం పొద్దున బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కుకి మీ విలేకరిని పంపి చూడండి. నడక అయ్యాక బెంచీల మీద చేరే మాలాంటి పెద్దవాళ్లలో పిల్లలు అమెరికాలో లేనివాళ్లు తక్కువ. ఒకప్పుడు అక్కడ మాటలన్నీ వీసాలు, మోకాళ్ల నొప్పుల గురించే. ఇప్పుడు ఆగస్టు ఆఖరి నుంచి జనవరి దాకా ఎవడు బాగా విసిరాడు, ఎవడు వదిలేశాడు అన్నదే గొడవ.

మా చిన్నమ్మాయి ఒహాయో స్టేట్‌లో ఎంఎస్ చదువుతోంది కాబట్టి నాది ఆ యూనివర్సిటీ ఉన్న కొలంబస్ పక్షం. ఎదురు బెంచీది టెక్సస్ పక్షం. వాళ్ల పిల్లల్లో చాలామంది చదివింది డాలస్ దగ్గరి యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో. ఆ కాలేజీకి అసలు ఫుట్‌బాల్ జట్టే లేదు. అయినా పేరులో టెక్సస్ ఉంది కదా అని ఆస్టిన్‌లో ఉన్న టెక్సస్ యూనివర్సిటీ జట్టుని సొంతం చేసుకున్నారు. కాదనడానికి నేనెవర్ని?

2025 ఆగస్టు 30, శనివారం, ఆ సీజన్‌లో మొదటి పెద్ద మ్యాచ్ జరిగింది. టెక్సస్ జట్టు కొలంబస్ వచ్చింది. సీజన్‌కి ముందు వేసిన ర్యాంకుల్లో వాళ్లది మొదటి స్థానం, మాది మూడోది. కాకపోతే అంతకుముందు సీజన్ చాంపియన్లం మేమే. అక్కడ మధ్యాహ్నం పన్నెండంటే మనకి రాత్రి తొమ్మిదిన్నర. అర్ధరాత్రి దాటాక 14-7తో మావాళ్లు గట్టెక్కారు. తెల్లారి నేను పార్కులో అడుగు పెట్టేసరికే పంచాయితీ మొదలైపోయింది.

టెక్సస్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, ఆర్చ్ మ్యానింగ్. తాత ఆర్చీ, బాబాయిలు పేటన్, ఎలై, ముగ్గురూ ప్రొఫెషనల్ లీగ్‌లో పేరు మోసిన క్వార్టర్‌బ్యాక్‌లే. వారసుడంటే మన ఊళ్లో ఎంత మోజో, అంత కోపమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఏడాదిపాటు ఆకాశానికెత్తినవాళ్లే ఆ పొద్దున ‘తాత పేరు చెప్పుకుని దిగాడు’ అని తేల్చేశారు. అతను 30 సార్లు విసిరితే 17 అందాయి. 170 గజాలు, ఒక టచ్‌డౌన్ (బంతిని అవతలి చివరి గీత దాటించడం), ఒక ఇంటర్‌సెప్షన్ (విసిరిన బంతి ఎదుటి జట్టుకి చిక్కడం). మా జూలియన్ సేయిన్ 20కి 13, 126 గజాలు, ఒక టచ్‌డౌన్, ఇంటర్‌సెప్షన్ లేదు. ఆర్టీసీలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఫోన్ తీసి విసిరినవాళ్లకి ఇచ్చే రేటింగులు చూపించారు. ‘ఇదిగో అతనిది 108.6, ఇదిగో ఇతనిది 134.4. ఇంకా మాటలెందుకు?’

నేను సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఒక అంకె ఎలా వచ్చిందో చూడకుండా ఊరుకోవడం నా వల్ల కాదు. కాలేజీ ఫుట్‌బాల్ రేటింగ్ సూత్రం ఇది: గజాలని 8.4తో, టచ్‌డౌన్‌లని 330తో, అందిన బంతుల్ని 100తో గుణించి కూడాలి. ఇంటర్‌సెప్షన్‌లని 200తో గుణించి అందులోంచి తీసేయాలి. మిగిలినదాన్ని మొత్తం విసిరిన బంతులతో భాగించాలి. మ్యానింగ్‌వి వేసి చూడండి. 1428, 330, 1700 కూడితే 3458. 200 పోతే 3258. 30తో భాగిస్తే 108.6. సరిపోయింది. అయితే రిసీవర్ (విసిరిన బంతి పట్టేవాడు) రెండు చేతుల్లో పడ్డ బంతి జారిపోతే ఈ సూత్రంలో దానికి గడే లేదు. అది హారంలో చేరుతుంది, లవంలో సున్నా. నష్టమంతా విసిరినవాడి నెత్తిన పడుతుంది.

దేశంలోనే మొదటి వరస రిసీవర్ అని అందరూ చెప్పుకునే మా జెరెమయా స్మిత్ ఆ రోజు 6 బంతులు పట్టి 43 గజాలే తెచ్చాడు. చేతికందినవీ జారవిడిచాడు. అందులో 20 గజాల బంతి ఒక్కటి నిలిచిందనుకోండి. సేయిన్ లవంలో 268 కలుస్తాయి, రేటింగ్ 13.4 పెరిగి 147.8కి చేరుతుంది. అతను విసిరిన తీరులో వెంట్రుకవాసి తేడా ఉండదు. మరి ఆ 13.4 ఎవరిది? అదే అడిగితే ఆర్టీసీ ఆయన ‘టీచరమ్మా, మమ్మల్ని ఎనిమిదో క్లాసులో కూర్చోబెట్టారు’ అన్నారు. కూర్చోబెట్టాల్సొస్తే కూర్చోబెడతాను మరి.

2025 ఆగస్టులో ఇంగ్లండ్‌తో ముగిసిన ఓవల్ టెస్టు మనమంతా చూసిందే. ప్రసిద్ధ్ కృష్ణ బౌలింగ్‌లో హ్యారీ బ్రూక్ 19 మీద ఉండగా లేపిన బంతిని మన సిరాజ్ బౌండరీ దగ్గర ఒడిసి పట్టాడు, పట్టి ఒక అడుగు వెనక్కి వేసి తాడు తొక్కాడు. వికెట్ రాలేదు సరికదా, ప్రసిద్ధ్ లెక్కలో ఆరు పరుగులు పడ్డాయి. బ్రూక్ 111 కొట్టాడు. మర్నాడు అదే సిరాజ్ ఆఖరి వికెట్ పడగొట్టి 6 పరుగుల తేడాతో గెలిపించాడనుకోండి, అది వేరే సంగతి. స్కోరు కార్డు తీస్తే ఆ ఆరూ ఇప్పటికీ ప్రసిద్ధ్‌వే. కానీ మనం ఆట చూశాం కాబట్టి ప్రసిద్ధ్‌ని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఫుట్‌బాల్ దగ్గరికొచ్చేసరికి మా బెంచీల చేతిలో ఉన్నది కార్డు ఒక్కటే. మ్యాచ్ మొత్తం చూసేవాళ్లు ముగ్గురో నలుగురో. మిగతావాళ్లకి పిల్లలు పంపే రెండు నిమిషాల వీడియో ముక్క, ఫోన్‌లో నాలుగు అంకెలు. తీర్పులు మాత్రం సుప్రీంకోర్టు స్థాయిలో ఉంటాయి.

2024 సీజన్ సంగతి చెబితే మీకే అర్థమవుతుంది. నవంబర్ 30న మా కొలంబస్ మైదానంలోనే మిషిగన్ చేతిలో 13-10తో ఓడిపోయాం. మా క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్ రెండు ఇంటర్‌సెప్షన్‌లు ఇచ్చాడు. మా పెద్దల్లుడు మిషిగన్‌లో చదివినవాడు. పొద్దున్నే ఫోన్ చేసి ‘అత్తయ్యా, టిఫిన్ చేశారా?’ అని అడిగి పెట్టేశాడు. మ్యాచ్ మాటే ఎత్తలేదు. అంతకు మించిన వెటకారం ఉంటుందా? బెంచీ మీద హోవర్డ్‌ని అనని మాట లేదు. చాంపియన్‌ని తేల్చడానికి 12 జట్ల ప్లేఆఫ్ మొదలైన ఏడాది కాబట్టి ఆ ఓటమి తర్వాత కూడా మాకు దారి మిగిలింది.

2025 జనవరి 10న కాటన్ బౌల్ అనే మ్యాచ్‌లో ఇదే టెక్సస్‌తో సెమీఫైనల్. ఆ మ్యాచ్‌లో స్మిత్ పట్టింది ఒకే ఒక్క బంతి, 3 గజాలు. విద్యానగర్ నుంచి వచ్చే మందుల షాపు ఆయన ‘పెద్ద మ్యాచ్ అనేసరికి పిల్లాడు తేలిపోయాడు’ అని కొట్టిపారేశారు. అసలు జరిగిందేమిటంటే, టెక్సస్ వాళ్లు ఆ కుర్రాడి మీద ఇద్దర్ని పెట్టారు. పదకొండు మందిలో ఇద్దరు ఒక్కడి వెంట తిరుగుతుంటే మిగతా మైదానమంతా తొమ్మిది మందే కాయాలి. అదే మ్యాచ్‌లో చిన్న పాస్ అందుకుని మా ట్రెవియాన్ హెండర్సన్ 75 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ కొట్టాడు. 28-14తో గెలిచాం. బంతి ముట్టకుండానే స్మిత్ చేసిన ఆ పనికి ఏ పట్టికలోనూ గడి ఉండదు.

జనవరి 20న అట్లాంటాలో నోటర్ డేమ్‌తో ఫైనల్. మనకి మంగళవారం పొద్దున ఆరు గంటలు. పొయ్యి మీద పాలు, చేతిలో ఫోన్. 31-7 మీద ఉన్నవాళ్లం 31-23కి వచ్చిపడ్డాం. ఈ ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, లేకపోతే బంతి అవతలివాళ్లది. మాది మూడో ప్రయత్నం, ఇంకా 11 గజాలు కావాలి. అందరూ జాగ్రత్తగా చిన్న పాస్ వేస్తారనుకుంటే, స్మిత్ మీద ఈసారి ఒక్కడే ఉన్నాడని చూసి హోవర్డ్ లాగి విసిరాడు. 56 గజాలు. పాలు పొంగిపోయాయి, పోనివ్వండి. 34-23తో కప్పు మాది. నవంబర్‌లో హోవర్డ్‌ని ఇంటికి పంపేయమన్న మా బెంచీ ఆ బుధవారం అతనికి గుడి కట్టడానికి సిద్ధమైంది. రెండు నెలల్లో కుర్రాడి చెయ్యేమైనా మారిందా?

కొలంబస్‌లో అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు ఒకసారి స్టేడియానికి వెళ్లాను. గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది, లక్ష మందికి పైగా పడతారు. మ్యాచ్ కన్నా నాకు బాగా గుర్తుండిపోయింది దానికి ముందు జరిగిన కసరత్తు. రిసీవర్ గీత పక్కగా నేరుగా పరిగెత్తుతున్నాడు, వీపు విసిరేవాడి వైపు ఉంది. ఇంకా తిరగనే లేదు, బంతి చేతిలోంచి వెళ్లిపోయింది. విసిరినచోట మనిషి లేడు, ఖాళీ గడ్డి. అయ్యో అనుకునేలోపు ఆ అబ్బాయి ఒక కాలి మీద గిర్రున తిరిగి తెల్లగీత వైపు రెండడుగులు వేశాడు, బంతి వచ్చి ఛాతీ మీద వాలింది. కాలేజీ ఆటలో ఒక్క పాదం గీత లోపల పడితే చాలు. ఆ పాదం బొటనవేలితో గడ్డిని గీసుకుంటూ బయటికి జారాడు. మళ్లీ మొదటికొచ్చి అదే, మళ్లీ అదే. అలాంటిచోట రిసీవర్ ఒక అడుగు ముందు తిరిగినా, ఎదుటివాణ్ని చూసి ఇంకో దారి పట్టినా బంతి ఖాళీ నేల మీద పడుతుంది. టీవీలో చూసేవాడికి క్వార్టర్‌బ్యాక్ గుడ్డివాడిలా కనిపిస్తాడు. తప్పు ఇద్దరిలో ఎవరిదన్నది ఆ ఇద్దరికీ, వాళ్ల కోచ్‌కీ తెలుస్తుంది. నల్లకుంటలో మాకెలా తెలుస్తుంది?

కోచ్ అంటే గుర్తొచ్చింది. జో బరో అనే క్వార్టర్‌బ్యాక్ మా ఒహాయో స్టేట్‌లో చోటు దొరక్క 2018లో లూసియానా స్టేట్ యూనివర్సిటీకి (ఎల్‌ఎస్‌యూ) వెళ్లాడు. ఆ ఏడాది 16 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. మరుసటి ఏడాది ఏకంగా 60. వందకి 58 దాకా అందే బంతులు 76కి పెరిగాయి. జట్టు 15కి 15 గెలిచింది. రిసీవర్లు జామార్ చేజ్, జస్టిన్ జెఫర్సన్ అంతకుముందు ఏడాదీ అక్కడే ఉన్నారు. కొత్తగా వచ్చింది జో బ్రేడీ అనే పాసింగ్ కోచ్, అతనితోపాటు కొత్త పద్ధతి. పిల్లలు ఒక ఏడాది పెద్దవాళ్లయ్యారు కూడా. అందుకే బరో గొప్పా, చేజ్ గొప్పా అని బెంచీ మీద ఎవరైనా మొదలుపెడితే నేను చెప్పులు వేసుకుని ఇంకో రౌండు నడకకి లేచిపోతాను.

బహుమతుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏటా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికి 1935 నుంచి ఇస్తున్న హైస్‌మన్ ట్రోఫీ ఈ మధ్యకాలంలో ఎక్కువగా క్వార్టర్‌బ్యాక్‌ల ఇంటికే వెళ్లింది. 1991లో మిషిగన్ రిసీవర్ డెస్మండ్ హోవర్డ్‌కి వచ్చాక (పెద్దల్లుడు ఈ పేరు నెలకోసారైనా తలుస్తాడు) మళ్లీ ఒక రిసీవర్‌కి దక్కింది 2020లో, అలబామా కుర్రాడు డివాంటా స్మిత్‌కి.

ఇంకో మాట. 2021 జూలై నుంచి ఈ పిల్లలు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా ఇవ్వొచ్చు. అప్పట్నుంచి మా దగ్గర ‘కోట్లు తీసుకుంటున్నాడుగా, తిట్లు పడితే ఏం?’ అన్న వాదన ఒకటి బయల్దేరింది. పందొమ్మిది, ఇరవై ఏళ్ల పిల్లలండీ వాళ్లు. మన పిల్లలు అదే వయసులో సప్లీ రాస్తుంటే ఇరుగుపొరుగుకి తెలియకుండా దాచుకున్న తల్లిదండ్రులం మనం.

నేను మిమ్మల్ని అడిగేది పెద్దదేమీ కాదు. సోమవారం క్రీడా పేజీలో ఓ మూల, అరచెయ్యంత చోటు. అందులో అంకెల పట్టిక వద్దు, అవి మా ఫోన్లలో ఉన్నాయి. ఒకట్రెండు కీలకమైన బంతుల గురించి ఆట తెలిసినవాళ్ల చేత రాయించండి: స్మిత్ మీద ఎంతమంది ఉన్నారు, మ్యానింగ్‌కి విసిరే సమయం దొరికిందా, నాలుగో ప్రయత్నంలో ఒక్క గజం కోసం అతను బంతి పట్టుకుని తోసుకెళ్లినప్పుడు ముందు ఎవరు అడ్డం పడ్డారు. విసిరినవాడి పేరు రాస్తే పట్టినవాడి పేరూ, వదిలేసినవాడి పేరూ రాయండి. వచ్చే వారం మ్యాచ్‌లు మన టైములో ఎన్నింటికో వేయండి. అక్కడ నవంబర్ మొదట్లో గడియారాలు మారితే మాకు గంట తేడా వస్తుంది, ఆ వారం సగం మంది తప్పు టైముకి లేచి కూర్చుంటారు.

నవంబర్ ఆఖరి శనివారం మిషిగన్‌తో మ్యాచ్ ఉంటుంది. మామూలుగా మనకి రాత్రి పదిన్నరకి మొదలై రెండింటికి అవుతుంది. మీ ఆదివారం పేపరు అప్పటికి ప్రెస్సుకి వెళ్లిపోతుందని తెలుసు. సోమవారం పేపర్లో వేసినా చాలు. మా అల్లుడి ఫోన్ ఎలాగూ ఆదివారమే వస్తుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు,
నల్లకుంట, హైదరాబాద్