చలానాలో లేని గంట

సంపాదకులకు నమస్కారం.

బ్రాయిలర్ కోడికి ఇంజెక్షన్లు పొడిచి కండ పెంచుతారన్న మాట ఊళ్లో వినీ వినీ విసుగొచ్చింది. మొన్న ఒక పెళ్లి భోజనాల్లో మా బావగారే అన్నారు, అదీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని. షాద్‌నగర్ దగ్గర 12 ఏళ్లుగా 4,000 కోళ్ల షెడ్డు నడుపుతున్నవాణ్ణి. ఎదుగుదల హార్మోన్ ఒక ప్రొటీను. దాణాలో కలిపితే పప్పు అరిగినట్టు కోడి కడుపులో అరిగిపోతుంది. సూదితో ఇవ్వాలంటే 4,000 కోళ్లను ఒక్కొక్కటిగా పట్టుకోవాలి, అదీ మళ్లీ మళ్లీ. షెడ్డులో ఉండేది నేను, నా భార్య, ఒక పనివాడు. మాకు అంత తీరికే ఉంటే ఇంటి పైకప్పు ఎప్పుడో బాగుచేయించుకునేవాళ్లం. యాంటీబయాటిక్‌ల సంగతి ఎత్తితే మాత్రం తల దించుకుంటాను. మనుషులకు చివరి ఆసరాగా దాచుకోవలసిన కోలిస్టిన్‌ను కోళ్ల దాణాలో వాడారు. 2019లో కేంద్రం నిషేధించేదాకా అది ఆగలేదు.

అయితే, ఇంత కండ ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్న మంచిదే. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే నా అసలు ఫిర్యాదు తగిలింది: పుట్టిన పిల్ల మా షెడ్డు చేరేలోగా ఎన్ని గంటలు పస్తుంటుందో ఎవరూ రాసివ్వరు.

కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయం వారు 1957, 1978, 2005 నాటి కోళ్ల వంశాలను ఒకే దాణాతో పక్కపక్కన పెంచి 2014లో ఫలితాలు ప్రచురించారు. 56వ రోజున మొదటి రకం 905 గ్రాములు, రెండోది 1,808 గ్రాములు, మూడోది 4,202 గ్రాములు తూగాయి. దాణా ఒకటే, రోజులూ అన్నే. తేడా అంతా వంశంలో ఉంది. ప్రతి తరంలోనూ త్వరగా కండ పట్టిన పెట్టను, పుంజును ఏరి జతకట్టించుకుంటూ వచ్చారు. మన పెద్దలు ఒంగోలు గిత్తను ఎంచిన పద్ధతే ఇది. కోడికి తరాలు తొందరగా గడుస్తాయి కనుక యాభై ఏళ్లలోనే ఇంత దూరం వచ్చింది.

వంశం మంచిదైతే చాలదని పశువైద్యం చదువుతున్న మా అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు. జన్యువు ఒంట్లో ఉండటం ఒకటి, వేళకు పనిలోకి దిగడం మరొకటి. గుడ్డులో ఉన్న 21 రోజుల్లోనే పిల్ల కండరంలో ఎన్ని పోగులుండాలో దాదాపు తేలిపోతుంది. బయటికి వచ్చాక ఆ పోగులే లావెక్కుతాయి, పొడవు సాగుతాయి. అలా పెరగాలంటే వాటికి కొత్త కేంద్రకాలు (జన్యువులుండే గుళికలు) కావాలి. ఆ కేంద్రకాలను తెచ్చి కలిపేవి పోగులను అంటిపెట్టుకుని ఉండే శాటిలైట్ కణాలు. మయోడి, మయోజెనిన్ వంటి జన్యువులు ఆ కణాలను కండరంగా మార్చే పని నడిపిస్తాయి. మయోస్టాటిన్ అనే జన్యువు ఆ పనికి బ్రేకు వేస్తుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో 1997లో ఎలుకల్లో ఆ బ్రేకు సంగతి బయటపెట్టారు. అది పనిచేయని బెల్జియన్ బ్లూ పశువుల ఫొటో మా అమ్మాయి ఫోనులో చూపించింది. తోలు కింద బండరాళ్లు పేర్చినట్టుంది. నాకు ముచ్చటగా ఏమీ అనిపించలేదు.

ఈ శాటిలైట్ కణాలు ముమ్మరంగా పెరిగేది పిల్ల పుట్టిన మొదటి కొద్ది రోజుల్లోనే. ఆ తరువాత వాటిలో చాలావరకు మగతలోకి జారుకుంటాయి. వాటిని పనిలోకి తోసేది కడుపులో పడే మేత. ఇజ్రాయెల్‌లోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో ఓర్నా హలేవీ బృందం కోడిపిల్లలకు పుట్టగానే రెండు రోజులు మేత ఆపి చూసింది. ఆ ఫలితం 2000లో అచ్చయింది. మేత అందని పిల్లల్లో ఈ కణాల విభజన పడిపోయింది. తరువాత కడుపునిండా పెట్టినా, అమ్మకం వయసు వచ్చేదాకా వాటి రొమ్ము కండరం వెనకబడే ఉంది. పురిట్లోనే సంధి కొట్టడమంటే ఇదే.

ఇప్పుడు మా షెడ్డుకు రండి. మాది కోళ్ల కంపెనీతో ఒప్పందం మీద పెంపకం. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, ఊక, చాకిరీ మావి. కోళ్లు ఎత్తాక కిలోకు ఇంత అని పెంపకం చార్జీ ఇస్తారు. కిలో బరువు రావడానికి ఎన్ని కిలోల దాణా పట్టిందో లెక్కగడతారు, దాన్నే ఎఫ్‌సీఆర్ అంటాం. అది గీత దాటితే మా చార్జీలో కోత పడుతుంది. నిరుడు ఏప్రిల్‌లో ఒక బ్యాచ్ పిల్లలు మధ్యాహ్నం దిగవలసింది రాత్రి 11 దాటాక దిగాయి. దారిలో వేరే ఊళ్లలో దింపుకుంటూ వచ్చామని డ్రైవరు చెప్పాడు. పెట్టె మూత తీస్తే పిల్లలు అరవడం కూడా మానేసి ముడుచుకుని ఉన్నాయి. కాళ్ల మీద చర్మం ఎండి ముడతలు పడింది. ఊక మీద పాత పేపర్లు పరిచి (మీ పత్రికే, ఏమీ అనుకోకండి) దాని మీద మొక్కజొన్న రవ్వ చల్లాం. ఒక్కో పిల్ల ముక్కును నీళ్లలో ముంచి తాగడం నేర్పుతూ తెల్లవార్లూ కూర్చున్నాం. మామూలుగా మర్నాటికి పిల్ల మెడ కింద సంచి తడిమితే మెత్తగా, నిండుగా తగులుతుంది. ఆ రోజు నేను తడిమినవాటిలో సగానికి పైగా ఖాళీ. ఆ బ్యాచ్ అంతకుముందు బ్యాచ్ కంటే సగటున 150 గ్రాములు తక్కువ తూగింది. ఎండ కూడా కొంత కారణమై ఉండవచ్చు, కాదనను. కోత మాత్రం మొత్తంగా నా లెక్కలోనే పడింది.

అడిగితే కంపెనీ సూపర్‌వైజరు దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. “పిల్ల కడుపులో పచ్చసొన ఉంటుంది కదా, మూడు రోజుల వరకు ఏమీ కాదు” అన్నాడు. పచ్చసొన ఉండే మాట నిజమే, దానితో పిల్ల బతుకుతుంది. నాకు చార్జీ ఇచ్చేది బతికినందుకు కాదు, తూగినందుకు. పైగా మేత తిన్న పిల్ల ఆ పచ్చసొనను ఇంకా త్వరగా వాడుకుంటుందని కూడా పరిశోధనల్లో తేలింది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. హ్యాచర్‌లో, అంటే గుడ్లు పిల్లలయ్యే యంత్రంలో, పిల్లలన్నీ ఒకే గంటకు గుడ్డు పగలగొట్టుకుని రావు. మొదటి పిల్లకూ చివరి పిల్లకూ మధ్య ఒక రోజు, అంతకంటే ఎక్కువ కూడా పడుతుంది. అన్నీ వచ్చాకే బయటికి తీస్తారు. తరువాత ఏరివేత, టీకా, పెట్టెల్లో సర్దడం, ఆపైన లారీ. అంటే నా షెడ్డులో “ఒకరోజు పిల్ల”గా దిగినదాంట్లో కొన్ని అప్పటికే రెండు రోజులు దాటి పస్తున్నవి ఉంటాయి.

దేశం దాటి చూస్తే యూరోపియన్ యూనియన్ 2005 నాటి రవాణా నిబంధనల్లో దీనికి గడువు పెట్టింది. మేత, నీళ్లు లేకుండా పిల్లల్ని తీసుకెళ్లే ప్రయాణం 24 గంటలు మించకూడదు, పుట్టిన 72 గంటల్లోగా అది ముగియాలి. నెదర్లాండ్స్‌లో ఇంకా ముందుకెళ్లి హ్యాచర్‌లోనే మేత, నీళ్లు, వెలుతురు పెడుతున్నారు. 18వ రోజు గుడ్లను నేరుగా రైతు షెడ్డుకు పంపి అక్కడే పిల్లలయ్యేలా చూసే పద్ధతీ ఉంది. అంత ఖర్చు మన దగ్గర రేపే పెట్టమనను. మనకూ జంతువుల రవాణా నిబంధనలు ఉన్నాయి. 2001 సవరణలో, పొదిగిన వెంటనే పిల్లల్ని పంపాలనీ పెట్టెల్లో ఎక్కువసేపు నిల్వ ఉంచకూడదనీ రాశారు. “వెంటనే” అంటే ఎంతసేపో రైతు ఎలా తేల్చాలి? పిల్లలతో పాటు నా చేతికొచ్చే సరుకు చీటీ, అదే చలానాలో పిల్లల సంఖ్య ఉంటుంది, లారీ నంబరు ఉంటుంది, దాణా బస్తాల లెక్క ఉంటుంది. పిల్లల్ని హ్యాచర్ నుంచి తీసిన గంట మాత్రం ఉండదు.

అందుకే రెండు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలను అడుగుతున్నాను. హ్యాచర్ నుంచి పిల్లల్ని తీసిన తేదీ, గంట చలానా మీద అచ్చు వేయడం తప్పనిసరి చేయండి. షెడ్డులో దిగిన గంటను రైతూ డ్రైవరూ కలిసి రాసి సంతకాలు పెట్టాలి. ఆ రెండింటి మధ్య ఫలానా గడువు దాటితే ఎఫ్‌సీఆర్ కోత రైతు మీద వేయకూడదని పెంపకం ఒప్పందంలోనే రాయించండి. ఆ గడువు ఎన్ని గంటలుండాలో నేను చెప్పలేను. రాజేంద్రనగర్‌లో జాతీయ స్థాయి కోళ్ల పరిశోధన సంచాలనాలయం ఉంది, అక్కడే పశువైద్య విశ్వవిద్యాలయమూ ఉంది. మన మే నెల ఎండలో, మన రోడ్ల మీద, ఎన్ని గంటల పస్తుకు ఎంత కండ పోతుందో వాళ్లు తూచి చెప్పగలరు. ఖర్చు భారీగా ఉండదు. నాలుగు షెడ్లు, ఒక త్రాసు, ఆరు వారాల ఓపిక చాలు. షెడ్డు కావాలంటే నాదే ఇస్తాను, కరెంటు బిల్లు మాత్రం వాళ్లు కట్టాలి.

వచ్చే వారం కొత్త బ్యాచ్ దిగుతుంది. పెట్టె తెరిచే ముందు గోడ గడియారం చూసి నా నోటు పుస్తకంలో ఒక గంట రాసుకుంటాను. దాని పక్కన రెండో గడి ఖాళీగా ఉంచుతున్నాను.

ఇట్లు,
ఒక బ్రాయిలర్ రైతు,
షాద్‌నగర్